ఏడు నెలల షిఫ్టు

పోయిన నెలలో ఒక పొద్దున చంద్రపూర్‌లో మా తుకుం బజారులో వంకాయలు ఏరుతుండగా ఫోను వచ్చింది. అతని అల్లుడు. "మా మామ పోయిండు కాకా. గిప్పుడే. చాయ్ తాక్కుంట తాక్కుంటనే పోయిండు," అన్నాడు. నేను వంకాయ చేతిలో అట్లాగే పట్టుకుని కూరగాయలమ్మే ఆమెతో అన్నాను: "నేను నౌకరి ఇప్పించిన మనిషమ్మా. ఒంటికాలు మనిషి. ఆఫీసుతోని కొట్లాడి ఇప్పించిన. పోయిండట." ఆమె జాలిపడి కొత్తిమీర కట్ట ఊరికే వేసింది.

ఆ కొత్తిమీర ఇంటికి తెచ్చాను. పచ్చడి నూరించుకుని తిన్నాను కూడా. ఇప్పటికీ అరగలేదు. అందుకని ఇది రాస్తున్నాను.

అతని పేరు రాయను. రాస్తే, తండ్రి పేరు ఎందుకు రాయలేదు, ఊరు ఎందుకు వదిలేశావు అని పైనుంచి ఒక అర్జీ వస్తుంది. దాని అడుగున పావతి కావాలని కూడా ఉంటుంది. పావతి అంటే మా చంద్రపూర్ వైపు రసీదు. ఏ కాగితమైనా, ఏ వస్తువైనా పావతి లేకుండా చేయి మారడం అతనికి గిట్టదు. కూతురి పెళ్ళిపత్రికలు పంచుతూ ఇంటింటి దగ్గరా సంతకం తీసుకున్న తండ్రి మా కాలనీలో అతనొక్కడే. "రేపు మాకు చెప్పలేదంటరు. లోకం మంచిది గాదన్నా," అనేవాడు.

గనిలో పైకప్పు రాయి జారి అతని ఎడమ కాలు నుజ్జయింది. ఆసుపత్రిలో మోకాలి కిందికి తీసేశారు. మత్తు దిగాక డాక్టరు వచ్చి ఎట్లా ఉందని అడిగితే, "నా కాలు తీసుకున్నరు కద సార్, పావతి ఇయ్యుండ్రి," అన్నాడు. డాక్టరు బిత్తరపోయి నర్సు మొహం చూశాడు. నర్సు గోడ వైపు తిరిగి నవ్వింది.

ఇదంతా నేను మంచం పక్కన నిలబడి చూసినట్టు కనీసం ఇరవైసార్లు చెప్పి ఉంటాను. నేనక్కడ లేను. అతని భార్య చెప్పగా విన్నాను. నర్సు నవ్వడం నేను కలిపింది. అయితే ఆ పావతి మాత్రం కొన్నాళ్ళకు నిజంగానే వచ్చింది, వికలాంగుల సర్టిఫికెట్ అనే పేరుతో. దాన్ని అతను ప్లాస్టిక్ కవరులో పెట్టి, చొక్కా లోపల బనీను జేబులో దాచుకునేవాడు.

మనిషి పొడుగు, బొమికలు ఎక్కువ. నవ్వితే చప్పుడు వచ్చేది కాదు, భుజాలు మాత్రం కదిలేవి. తర్వాత తర్వాత రబ్బరు కాలు పెట్టించుకున్నాడు. మా దగ్గర మే నెలలో కాకి కూడా గోడ నీడ పట్టుకుని నడిచిపోతుంది. అట్లాంటి ఎండలో తను బయట కూచుని, కాలు విప్పి తీసుకెళ్ళి నీడలో పెట్టేవాడు. "నాకు వేడి తాకితె చెమట పడ్తది. దానికి తాకితె సైజు మార్తది. ఎవలకు నీడ కావాల్నో నువ్వే చెప్పు."

అయితే నేను చెప్పాల్సింది కాలు గురించి కాదు, బిళ్ళ గురించి.

నేను గనిలో ల్యాంపు రూము మనిషిని. లోపలికి దిగే ప్రతివాడికీ ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది, దాని మీద అతని నంబరు. దిగేముందు బిళ్ళ నాకిచ్చి, తలకు కట్టుకునే దీపం తీసుకుంటాడు. బిళ్ళను నేను బోర్డు మీద అతని కొక్కేనికి తగిలిస్తాను. పైకి వచ్చి దీపం అప్పజెప్పాక బిళ్ళ తిరిగిస్తాను. బోర్డు మీద బిళ్ళ వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా భూమి లోపల ఉన్నట్టు. రిజిస్టరు అబద్ధమాడవచ్చు, నేనూ ఆడవచ్చు. బిళ్ళ ఆడదు.

రాయి పడిన రోజు అతన్ని స్ట్రెచర్ మీద పైకి తెచ్చి నేరుగా అంబులెన్సులో వేసుకుపోయారు. దీపం రాయి కింద ఉండిపోయింది. బిళ్ళ నా బోర్డు మీద ఉండిపోయింది, అన్నిటికన్నా కింది వరుసలో. మిగతా రెండు షిఫ్టుల ల్యాంపు రూము వాళ్ళు దాన్ని ముట్టుకోలేదు. దెబ్బ తిన్నవాడి బిళ్ళ ఇంకొకడు తియ్యకూడదని, వాడే వచ్చి తీసుకోవాలని మా గనిలో ఒక పట్టింపు. షిఫ్టు అయ్యాక, లోపలి పని చూసుకునే ఓవర్‌మన్ వచ్చి "అందరు ఎక్కిండ్రా?" అని అడిగితే, "ఒక్కడు తప్ప అందరు ఎక్కిండ్రు," అనేవాణ్ణి. ఆయన ఆ బిళ్ళ వైపు ఒకసారి చూసి ఊరుకునేవాడు.

ఆ బిళ్ళను ఏడు నెలలు ప్రాణం పెట్టి కాపాడాను. తీసెయ్యమని పై నుంచి ఎన్నిసార్లు చెప్పినా రొమ్ము విరుచుకుని నిలబడ్డాను. నిలబడ్డ మాట నిజమే. ఎందుకు నిలబడ్డానో కొంచెం ఆగి చెబుతాను.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక చూడ్డానికి వెళ్ళాను. ఇల్లంతా జనం. అందరి చేతుల్లో మిఠాయి. తెలియనివాళ్ళు చూస్తే పెళ్ళి సంబంధం ఖాయమైందనుకుంటారు. మా గనుల్లో ఒక ఆనవాయితీ ఉంది. మనిషి ఇక పనికి పనికిరాడని 'అన్‌ఫిట్' కాగితం వస్తే అతను ఇంట్లో కూచుంటాడు, బదులుగా కొడుకో అల్లుడో నౌకరిలో చేరతాడు. అందుకని కాలనీలో ఎవరికన్నా కాలో చెయ్యో పోతే పొద్దున ఏడుస్తారు, సాయంత్రం శుభాకాంక్షలు చెబుతారు.

అతనికి ఒక్కతే కూతురు. అల్లుడు జివతి గుట్టల మీద పత్తి చేసుకునేవాడు. ఆ రోజు అరకిలో పేడాలు పట్టుకుని, కొత్త బూట్లు వేసుకుని వచ్చాడు. గనిలో తొడిగే ఇనుప ముక్కు బూట్లు.

"గివేందిరా?" అన్నాడు మామ మంచం మీద నుంచి.

"కరుస్తున్నయి మామా. జర ముందుగాల నుంచే తొడిగి అలవాటు చేసుకుంటున్న."

అతను ఆ బూట్లను చాలాసేపు చూశాడు. "మంచిగున్నయి. కుడిది ఇడిచిపో. నాకు ఒక్కటే సాలు."

"నీకెందుకు మామా?"

"డూటీకి పోవద్దా?"

పేడా నోట్లో పెట్టుకున్నవాళ్ళు నమలడం ఆపారు. భార్య లోపలికి వెళ్ళిపోయింది. అతను నా వైపు తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు: "కాలు పోయిందన్నా, సరే. పొద్దుగాల లేస్తె యాడికి పోవాల్నో గది గూడ పోతె ఎట్ల బతుకుడు? నాకు నలభై అయిదేండ్లు. గిప్పటి సంది మంచంల కూసోని ఈని బూట్ల చప్పుడు వినుకుంట ఉండాల్నా?"

"మరేం చేద్దామంటవ్ తమ్మీ?"

"పైన ఏదన్న కూసుండి చేసే పని ఇయ్యుమని అర్జీ రాసియ్యి. నీకు ఇంగ్లీషొస్తది."

అర్జీ నేనే రాశాను. ఈ మాట ఊరంతా చెప్పుకున్నాను, అది నిజం. అందులో ఏం రాశానో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

దానికి ముందు నా నడుము సంగతి చెప్పాలి. పదేళ్ళు గని లోపల పనిచేశాక నాకు నడుము నొప్పి వచ్చింది. బొగ్గు ఎత్తుతుంటే పట్టేసిందని, మూడు రోజులు విల్లులాగా వంగిపోయి ఉన్నానని పిల్లలకు చెబుతుంటాను. అసలు జరిగింది వేరు. ఎరిగిన డాక్టరొకాయనకు రెండు బుట్టల మామిడిపండ్లు ముట్టాక నా వెన్నుపూస మూడు చోట్ల అరిగింది. 'ముందుకు వంగరాదు' అని సర్టిఫికెట్ వచ్చింది. ఆ కాగితం చేతబట్టుకుని కింది నుంచి పైకి, ల్యాంపు రూములోకి వచ్చిపడ్డాను. ఆ రోజు నుంచి ఎవరన్నా చూస్తుండగా నేను వంగలేదు. పెన్సిలు కింద పడితే ఇంకోటి తెచ్చుకున్నాను. పెద్దవాళ్ళ కాళ్ళకు దండం పెట్టడం కూడా మానేశాను, గర్వమనుకున్నారు. బోర్డు కింది వరుస బిళ్ళలు కిటికీ దగ్గర ఎవరూ లేనప్పుడు తగిలించేవాణ్ణి.

మా గనిలో పైన కూచుని చేసే పని అప్పట్లో అదొక్కటే. అందులో నేను కూచున్నాను. కాలు లేనివాడు నిజంగా కూచునే పని అడిగితే వాళ్ళు మొదట చూసేది ఎవరి కుర్చీ?

అందుకని రాశాను. చక్కటి ఇంగ్లీషు. నేను ఇక ఏ పనికీ పనికిరాను, దయచేసి నన్ను విడుదల చేసి నా అల్లుడికి నౌకరి ఇప్పించగలరు. రాసి, అతనికి తెలుగులో చదివి వినిపించాను: "నాకు కూసుండి చేసే పని ఇప్పియ్యుండ్రి అని రాసిన తమ్మీ." అతను కళ్ళు మూసుకుని విన్నాడు. మంచిగ రాసినవన్నా అన్నాడు. మరాఠీలో సంతకం పెట్టాడు.

వినేవాళ్ళుంటే ఇక్కడ లేచి వెళ్ళిపోవచ్చు. నేనైతే వెళ్ళిపోయేవాణ్ణి.

నన్ను పట్టించింది పావతి. మామూలు మనిషైతే అర్జీ కిటికీలో పడేసి వచ్చేవాడు. ఇతను చంకకర్రల మీద ఆఫీసుకు వెళ్ళి, నకలు మీద ముద్ర కొట్టి సంతకం పెట్టమని కూచున్నాడు. గుమాస్తాకు విసుగొచ్చింది. దేని గురించో చూడకుండా సంతకం పెట్టనన్నాడు. చూశాడు. చూసి, మరాఠీలోకి మార్చి పైకి చదివాడు.

మధ్యాహ్నం అతను ల్యాంపు రూముకు వచ్చాడు. కాగితం నా ముందు పరిచాడు.

"అన్నా, నీ ఇంగ్లీషుల జర తప్పు పడ్డది."

"ఏం తప్పు?"

"నువ్వు పని కావాలె అని చదివినవు. కాగితం పని వద్దంటున్నది."

నేను కాగితాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాను. "ఎట్ల పడ్డదో మరి."

"రాసేటప్పుడు కరెంటు పోయిందేమో."

"అవ్, పోయింది," అన్నాను.

పట్టపగలు వాకిట్లో కూచుని రాశాను. ఆ సంగతి అతనికీ తెలుసు, పక్కనే మంచం మీద ఉన్నాడు. నా మొహం చూడలేదు. నా కుర్చీని చూశాడు, నాలుగు కాళ్ళూ విడివిడిగా. భుజాలు కొంచెం కదిలాయి. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బనీను జేబులో సర్టిఫికెట్ పక్కన దోపుకుని వెళ్ళిపోయాడు.

తర్వాతి అర్జీ కూతురితో మరాఠీలో రాయించాడు. ఆమె మరాఠీ బడిలో చదువుకున్న పిల్ల, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. ఆమే ఎక్కడినుంచో వికలాంగుల చట్టం మీద ఒక పల్చటి మరాఠీ పుస్తకం తెచ్చి తండ్రికిచ్చింది. అల్లుడు పది రోజులు అత్తారింటికి రాలేదు.

ఆ అర్జీ పెట్టిన నెలకు మా వెల్ఫేర్ ఆఫీసరు సాయెబు స్వయంగా ల్యాంపు రూముకు వచ్చాడు. ఇతన్నీ పిలిపించాడు. సాయెబు చెడ్డవాడేం కాదు. ఫైళ్ళు తొందరగా మూతపడాలని కోరుకునే మనిషి, అంతే.

"పైన కూచునే పని ఇదొక్కటే, ఇందులో ఈయన ఉన్నాడు," అన్నాడు హిందీలో, నన్ను చూపిస్తూ. "ఖాళీ లేదు. అన్‌ఫిట్ కాగితం మీద సంతకం పెట్టి అల్లుణ్ణి పంపించు. అందరికీ మంచిది. ముందు ఆ బిళ్ళ తీసెయ్యండి. ఎవరన్నా తనిఖీకి వస్తే లోపల మనిషి ఉన్నాడా అని అడుగుతారు."

నా వైపు తిరిగాడు. "తియ్యి."

నేను రొమ్ము విరుచుకుని నిలబడ్డాను. "వంగలేను సార్. మీ ఫైల్లో ఉంది."

ఇదీ నేను బిళ్ళను కాపాడిన వీరగాథ.

"నేను తీస్త సార్," అన్నాడు అతను. ఒక చంకకర్ర ఎత్తి దాని కొసతో కొక్కేన్ని కదిలించాడు. బిళ్ళ ఊడి నేల మీద పడింది. పడి, అంచు మీద నిలబడి దొర్లడం మొదలుపెట్టింది. గది మూలన బ్యాటరీలు కడిగిన నీళ్ళు పోయే తూము ఒకటుంది. తిన్నగా అటే పోతోంది.

ల్యాంపు రూము మనిషికి ఒకటే భయం. ఒక్క బిళ్ళ పోతే పైకెవరు వచ్చారో లోపలెవరు ఉన్నారో తెలియదు, లేని మనిషి కోసం గనంతా వెతుకుతారు. నేను ఆలోచించలేదు. రెండంగల్లో ఉరికి, నడుమును రెండుగా మడిచి, తూము నోట్లో పడబోతున్న బిళ్ళను ఒడిసి పట్టుకున్నాను.

పట్టుకున్నాక అట్లాగే ఉండిపోయాను. లేవడానికి ధైర్యం చాలలేదు. వంగిన చోటు నుంచి సాయెబు బూట్లు రెండు, చంకకర్రలు రెండు, ఒక పాదం కనబడుతున్నాయి. ఏవీ కదలడం లేదు.

"మీకు నడుము నొప్పి కదా?" అన్నాడు సాయెబు, చాలా నెమ్మదిగా.

అతనే అందుకున్నాడు. "ఉన్నది సార్. మస్తు నొప్పి. చూస్తలేరా, లేవలేకపోతుండు. బిళ్ళ కింద పడ్డదంటె పాణం పోయినా సరే ఉరుకుతడు సార్, గసుంటి మనిషి. ఈయనను లేపితె ల్యాంపు రూం ఆగమైతది." కర్ర ఆసరా చేసి నన్ను పైకి లేపాడు. కాలు లేనివాడు నన్ను లేపాడు.

తర్వాత పుస్తకం తీశాడు. మరాఠీ ముక్క చదవడం, హిందీలో చెప్పడం. నాకు తర్వాత తెలుగులో చెప్పింది ఇది: "డూటీల ఉండంగ అవిటితనం వస్తె నౌకరి నుంచి తియ్యొద్దు, హోదా తగ్గించొద్దు అని ఉన్నదన్నా. పాత పని చేతగాకుంటె గదే జీతం మీద ఇంకో పని ఇయ్యాలె. ఇంకో పని లేకుంటె, దొరికేదాకనో రిటైరయ్యేదాకనో ఒక ఎక్కువ జాగ పుట్టించి గందుల పెట్టుకోవాలె. కుర్చీ లేకుంటె కుర్చీ ఎయ్యుమన్నది. ఉన్నోన్ని లేపుమని యాడ రాయలే. మూడుసార్లు చదివిన, నీ గురించే."

సాయెబు పుస్తకం తీసుకుని చదువుకున్నాడు. మూసి తిరిగిచ్చి, "ఇక్కడ ఎక్స్‌ట్రా కుర్చీ కూడా లేదయ్యా," అన్నాడు.

"కుర్చీ నేను తెచ్చుకుంట సార్. గిప్పుడు నేను చెప్పింది మీరు విన్నట్టు పావతి ఇయ్యుండ్రి."

ఆ రోజు నేను ముందుకు వచ్చి, "నా కుర్చీ ఈయనకియ్యండి సార్, నేను కిందికి దిగుతా," అన్నానని మా మనవరాలికి చెప్పాను. ఆ పిల్ల స్కూల్లో వ్యాసం రాసి బహుమతి కూడా తెచ్చుకుంది. నేను ఆ మాట అనలేదు. నేను చేసిందల్లా, సాయెబు చూడకుండా బిళ్ళను తిరిగి దాని కొక్కేనికే తగిలించడం. అది కూడా అతను కర్రతో నన్ను పొడిచి సైగ చేస్తే.

ఇంకా మూడు అర్జీలు నడిచాయి. వాటి నకళ్ళు పుణెలో వికలాంగుల కమిషనరు దాకా పోయాయి. రాయి పడిన ఏడో నెలలో ఉత్తర్వు వచ్చింది.

మొదటి రోజు పొద్దున షిఫ్టుకు అల్లుడి మోటారు సైకిలు వెనక కూచుని వచ్చాడు. నెత్తి మీద ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ బోర్లించి ఉంది. కుడి కాలికి ఇనుప ముక్కు బూటు మెరుస్తోంది. జత విడిపోయిన ఎడమ బూటును అల్లుడు చేలో దిష్టిబొమ్మకు తొడిగాడట. మామ దిగాక మాత్రం కుర్చీ అందుకుని లోపలికి తెచ్చి పెట్టాడు, నా కుర్చీకి జానెడు దూరంలో.

అతను కూచోలేదు. కిటికీకి అవతల, గని నుంచి పైకి వచ్చినవాళ్ళు నిలబడే చోట నిలబడి చెయ్యి చాపాడు.

"నా బిళ్ళ."

"దీపం ఇస్తెనే బిళ్ళ తమ్మీ. గది రూలు."

"దీపం రాయి కింద ఉన్నది. రాసుకో. దీపం లోపల, మనిషి పైకి."

రాశాను. అతను రిజిస్టరు తన వైపు తిప్పుకుని చూశాడు. "తారీకు ఎయ్యి." వేశాను. అప్పుడు నేను వంగి, ఎవరు చూస్తే ఏమిటనుకుని, కింది వరుస నుంచి బిళ్ళ తీసి అతని చేతిలో పెట్టాను. దాన్ని చొక్కాకు తుడుచుకున్నాడు. "ఏడు నెలల షిఫ్టన్నా. ఇంత పొడుగు డూటీ ఈ దేశంల ఎవ్వడు చెయ్యలే," అన్నాడు. తిరిగొచ్చి ఎర్ర కుర్చీలో కూచున్నాడు. బోర్డు వైపు చూస్తూ ఉన్నాడు.

అట్లా నాలుగేళ్ళు పక్కపక్కన పనిచేశాం. ల్యాంపు రూముకు మూడు మెట్లుండేవి. అర్జీ మీద అర్జీ పెట్టి, పక్కన ఏటవాలు కట్టించాడు. ఇప్పుడు అందరూ సైకిళ్ళు దాని మీదే ఎక్కిస్తారు. చెయ్యి పోయినవాళ్ళు, కన్ను పోయినవాళ్ళు పక్క గనుల నుంచి కూడా అతన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. పుస్తకం తీసి చదివేవాడు. చదివినట్టు వాళ్ళ దగ్గర సంతకం తీసుకునేవాడు.

నా నడుము గురించి అతను ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదనే అనుకున్నాను. కానీ రోజుకొకసారి, చాయ్ వేళకు, గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు, జేబులోంచి బిళ్ళ తీసి నేల మీద పడేసేవాడు.

"అన్నా, వంగు."

"సిగ్గులేదా తమ్మీ? పెద్దోణ్ణి."

"గందుకే. ముసలితనంల కసరత్తు మంచిది."

వంగేవాణ్ణి. తీసి ఇచ్చేవాణ్ణి. అతని భుజాలు కదిలేవి. ఒక్కరోజు కూడా తప్పలేదు. సెలవు రోజుకు మర్నాడు రెండుసార్లు పడేసేవాడు. నా రిటైర్మెంటు సభలో మైకు తీసుకుని, "అన్న నడుము అసుంటి నడుము నేను యాడ చూడలే," అని మాత్రం అని కూచున్నాడు. సాయెబు చప్పట్లు కొట్టాడు.

అతను అరవై నిండేదాకా చేసి, పూర్తి సర్వీసుతో బయటికి వచ్చాడు. అప్పటికి బిళ్ళలు పోయి వేలిముద్రల యంత్రం వచ్చింది. తన బిళ్ళ తనకిమ్మని అర్జీ పెట్టి తెచ్చుకున్నాడు. దానికి పావతి ఉంది.

అతను పోయిన పదో రోజుకు వాళ్ళింటికి వెళ్ళాను. తుకుంలోనే, మా ఇంటికి రెండు సందుల అవతల. వాకిట్లో ఎర్ర కుర్చీ వేసి దాని మీద ఫొటో పెట్టారు. ఎండకు కుర్చీ గులాబీ రంగుకు తిరిగింది. భోజనాలు ముగిసి జనం ఇంకా కూచుని ఉన్నారు. కూతురు లోపలి నుంచి వచ్చింది, గుప్పిట్లో ఏదో పట్టుకుని.

"బాపు గిది మీకే ఇయ్యమన్నడు పెద్దబాపూ."

చెయ్యి చాపాను. ఆమె వదిలిందో, నేనే సరిగా పట్టుకోలేదో, బిళ్ళ నేల మీద పడి దొర్లుకుంటూ పోయి కుర్చీ కింద ఆగింది. అల్లుడు తియ్యబోయాడు.

"నువ్వుండు," అంది ఆమె. "పెద్దబాపే తీస్తడని చెప్పిండు."

"నాకు నిజంగనే నడుము నొప్పి బిడ్డా," అన్నాను. డెబ్భై రెండేళ్ళు. పోయిన చలికాలం నుంచి చెప్పులు కూడా మనవరాలే తొడుగుతోంది. "గిప్పుడు నిజం."

"గట్లనే అంటరని గూడ చెప్పిండు."

అందరూ చూస్తున్నారు. ఒక చెయ్యి గోడకు పెట్టాను, ఇంకో చెయ్యి మోకాలికి. కొంచెం కొంచెంగా దిగి, మధ్యలో ఒకసారి ఆగి, చివరకు నేల మీద కూలబడ్డాను. కుర్చీ కిందికి చెయ్యి పోనిచ్చి బిళ్ళ అందుకున్నాను. లేవడం నా వల్ల కాలేదు. ఫొటో ఇప్పుడు నా నెత్తి మీద ఉంది.

ఆమె నా పక్కన కూచుంది. ఒక కాగితం, పెన్ను ముందు పెట్టింది. "పావతి."

నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదు. నేల మీదే కాగితం పరిచి, తెలుగులో నాలుగు ముక్కలు రాసి ఇచ్చాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి నాకే తిరిగిచ్చింది.

"నాకు తెలుగు చదవరాదు. ఏం రాసిండ్రో చదువుండ్రి."

అల్లుడు ఉన్నాడు. ఆమె తల్లి ఉంది. గనిలో నాతో పనిచేసినవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు, నేను నౌకరి ఇప్పించిన కథ ఎన్నోసార్లు విన్నవాళ్ళు. ముట్టింది అని రాసిన బిడ్డా అంటే సరిపోయేది. అక్కడ తెలుగు చదివేవాళ్ళు ఎవరూ లేరు.

రాసిందే చదివాను.

"బిళ్ళ ముట్టింది. మొదటి అర్జీ తప్పు రాసింది, తప్పు చదివింది ఇంగ్లీషు రాక కాదు. నా కుర్చీ పోతదని. ఆ రోజు కరెంటు పోలేదు."

ఎవరో చేతిలోని స్టీలు గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. ఆమె కాగితం తీసుకుని, మడవబోయి, మళ్ళీ చూసి నా ముందు పెట్టింది.

"తారీకు ఎయ్యలేదు పెద్దబాపూ," అంది.